పడినవాళ్ళ కట్టు

పుత్తూరు తాలూకాఫీసు ముందర
రేకుపెట్టె బోర్లించి కూర్చునేవాణ్ణి.
అర్జీకి ఐదు రూపాయలు,
కార్బన్ కాపీ కావాలంటే ఇంకో రూపాయి.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక
పోస్టులో వచ్చే బైబిలు పాఠాలు చదువుకునేవాణ్ణి.
ఏడో పాఠంలో ఒకచోట ఆగిపోయాను.
ఐగుప్తు ఇసకలో దొరికిందట,
రెల్లుకాగితం మీద ఒక అర్జీ:
అయ్యా, నేను మొదట్నుంచీ దేవతలకు బలులిచ్చేవాణ్ణే,
ఇప్పుడు తమరి కళ్ళెదుట ద్రాక్షసారా ధార పోశాను,
మాంసం రుచి చూశాను,
దయచేసి సంతకం చేయవలెనని ప్రార్థన.
వయసు. ఊరు. కనుబొమ్మ మీద గాటు.

ఆ 'ప్రార్థన' దగ్గర నాకు నవ్వొచ్చింది.
పదిహేడేళ్ళుగా నేను రాస్తున్నదీ అదే మాట.
అడుగున చిన్నక్షరాల్లో ఉంది:
అర్జీదారుకు చదువు రాదు గనక
వేరే ఎవరో రాసిపెట్టారని.
ఆ వేరే ఎవరికో పేరు లేదు.

వాళ్ళ గురించి వీధిలో ఏమనుకునేవాళ్ళో కూడా ఉంది.
చంటిబిడ్డకు పిండి పూసి కోసుకు తింటారని,
దీపమార్పి వావివరసలు మరుస్తారని.
వాళ్ళేమో కోడి కూయకముందే లేచి కూడేవాళ్ళు,
దొంగిలించబోమని, మాట తప్పబోమని
ఒకరికొకరు ఒట్టేసుకునేవాళ్ళు,
పెంటకుప్ప మీద పారేసిన ఆడబిడ్డల్ని ఏరుకొచ్చి పెంచేవాళ్ళు,
తెగులుకు జడిసి జనం ఖాళీ చేసిన వీధుల్లో
ఎవరికీ కాని శవాలను మోసేవాళ్ళు.
చంపింది వీటికేమీ కాదు.
ఒక్క చిటికెడు సాంబ్రాణి
నిప్పుల్లో వెయ్యమన్నందుకు, వెయ్యనన్నందుకు.

కొందరు వెయ్యలేదు, సింహాల దాకా పోయారు.
వాళ్ళ పేర్లు మా పిల్లలకు పెట్టుకున్నాం.
కొందరు వేశారు.
ఇంకొందరు వెయ్యకుండానే
గుమాస్తా చెయ్యి తడిపి కాగితం కొనుక్కున్నారు.
ఆ మూడోవాళ్ళ పేర్లు ఎవరూ ఎవరికీ పెట్టరు.

ఆ జూన్‌లోనే జ్ఞానసుందరి వచ్చింది,
ఇటుకబట్టీ ఎర్రదుమ్ము కాళ్ళతో,
వెంట కూతురు. ఇంట్లో ఫీబే, బడిలో పుష్ప.
నర్సు ట్రైనింగులో సీటు,
రేపటి లోపల కులం కాగితం కావాల.
రాస్తూ రాస్తూ మతం గడి దగ్గర పెన్ను ఎత్తాను.
ఆమె నన్ను చూళ్ళేదు.
ఎదురుగా బజ్జీల బండి పొగ చూస్తా
"అందురూ రాసేదే రాసెయ్ అన్నా" అనింది.
కాసేపాగి
"ఆయనకు తెలుసు" అనింది.
ఏ ఆయనో నేనడగలేదు.

రెండే అక్షరాలు. రాశాను.
పుట్టుమచ్చలు చెప్పమంటే
పిల్ల జుట్టు పక్కకు తోసి
కనుబొమ్మ మీద గాటు చూపించింది.
కార్బన్ జరిగింది.
కింది కాపీలో గాట్లు రెండయినాయి.

కాగితం కొన్నోళ్ళను 'పడినవాళ్ళు' అనేవాళ్ళంట.
కొరడాలు ఆగినాక సంఘమే చీలింది:
రానివ్వాలా, వద్దా. రొట్టె పెట్టాలా, వద్దా.
చెరసాలలో గోళ్ళు పోగొట్టుకున్నోళ్ళు కొందరు
రానీండి పాపం అన్నారు.
ఒక్క దెబ్బా తినని కొందరు వద్దన్నారు.
దీని మీద పాఠం చివర పది మార్కుల ప్రశ్న.
ఖాళీగా వదిలేసి పంపాను.

మాది ఎముకలు కట్టే ఊరు.
మద్రాసు నుంచి, బెంగుళూరు నుంచి
పడినవాళ్ళు కార్లలో వస్తారు.
ఆకుపసరు, గుడ్డు సొన, వెదురుబద్ద, గుడ్డపేలిక.
కట్టేవాడు నొప్పెక్కడ అంటాడు,
ఎట్లా పడితివని నిలదీయడు.

నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల.
జ్ఞానసుందరి గోడవార కూర్చుని లేవలేదు.
నవరత్నం అయ్యగారు పళ్ళెం పట్టుకుని
కాసేపు అట్లే నిలబడ్డారు.
వాళ్ళబ్బాయి కాగితం రాసిందీ నేనే.
తర్వాత మెట్టు దిగి ఆమె దగ్గరికి నడిచారు.
తీసుకుందో లేదో,
కొంగు అడ్డం, నాకు కనబడలేదు.

నా వంతు వచ్చింది.
బొటనవేలు రాయికి రుద్ది కడిగే వచ్చాను.
అయినా తెల్లటి రొట్టెముక్క మీద
నీలంగా, గీతలు గీతలుగా.
అట్లాగే నోట్లో పెట్టుకున్నాను.